సీమలో చిత్తరువుల చదువు



పిల్లలు విదేశమునకు బోవుచున్నారనిన మా గ్రామమున నేడెవ్వరును తలయెత్తి చూడరు. ఇంటికొకరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. ఏమి చదువుటకని యడుగుటయు మానివేసితిమి. కంప్యూటరు చదువే యని ముందే తెలియును. అట్టిచోట మా రెండవ కుమార్తె బిడ్డ, పదునెనిమిదేండ్ల పిల్ల, బొమ్మలు వేయుట నేర్చుటకు లండను పోయెద ననగా అరుగుమీదనున్న నలుగురును నవ్విరి. వారితోబాటు నేనును నవ్వితిని. పలకమీద పద్యము వ్రాయక గుఱ్ఱపుబొమ్మ వేసిన పిల్లవాని చెవి మెలిపెట్టిన తెలుగు పండితుడను గదా!

ఆ నవ్వు ఒక యేడు తిరుగకుండ ఎకరము పొలము అమ్మకముదాక ఎట్లు వచ్చినదో నేడు మీకు చెప్పదలచితిని. మీలో నెవరి యింటనైన ఇట్టి పిల్ల యుండవచ్చును.

ఆ చదువు పేరు ఫౌండేషను డిప్లొమా, అనగా పునాది చదువు. ఇంగ్లండులో ఒక సంవత్సరము. చిత్రలేఖనము, శిల్పము, వస్త్రరచన, అచ్చుపని, ఛాయాగ్రహణము మున్నగువాని నన్నిటిని తొలుత కొంచెము కొంచెముగా చేయింతురు. పిదప ఏది పట్టువడునో చూచి ఒక దారి యెన్నుకొను మందురు. కడపట విద్యార్థి తానే యొక పని తలపెట్టి ముగింపవలెను. ఇది పట్టము గాదు. పట్టమునకు ముందుమెట్టు మాత్రమే. ఈ మాట మనవారిలో పెక్కురు తెలియక మోసపోవుదురు. ఈ యేడు లేకయే నేరుగ పట్టపు తరగతిలో చేర్చుకొను కళాశాలలును గలవు. మన దేశముననే, 1961లో అహమ్మదాబాదున నెలకొల్పిన జాతీయ డిజైను సంస్థలో, నాలుగేండ్ల చదువున మొదటి యేడు పునాదికే కేటాయించిరి. ఇవియన్నియు విచారించిన పిమ్మటనే దూరము పోవుమాట.

బొమ్మలు వేయు పిల్లకు నేత యేల, లోహపుపని యేలయని మొదట నేను వాదించితిని. వాదించిన రాత్రియే విష్ణుధర్మోత్తర పురాణములోని తృతీయఖండము జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిని. ప్రతిమను జేయు విధము చెప్పుమని వజ్రుడను రాజు మార్కండేయు నడుగగా, చిత్రమెరుగనివాడు ప్రతిమ నెరుగజాలడని, నృత్తమెరుగక చిత్రము తెలియదని, దానికి వాద్యము, వాద్యమునకు గీతము కావలయునని ఆ ఋషి రాజును వెనుకకు వెనుకకు నడిపించును. పునాదియన నదియే గదా! ఐరోపాలో ఈ పద్ధతికి పేరు తెచ్చినది జర్మనీలోని వైమార్ నగరమున 1919లో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాల. అందు యోహానెస్ ఇట్టెన్ అను నుపాధ్యాయుడు క్రొత్త విద్యార్థులచేత మొదట కఱ్ఱ, గుడ్డ, రాయి, గడ్డి తాకించి చూపించి పిమ్మటనే వృత్తిశాలకు పంపెడివాడు. ఆ పాఠశాల 1933లో మూతబడినను పద్ధతి నిలిచినది. ఇంగ్లండులో చిత్రకారుడు విలియం కోల్డ్‌స్ట్రీమ్ అధ్యక్షుడుగా నున్న సంఘము 1960లో ఇచ్చిన నివేదికతో, పట్టపు చదువునకు ముందొక సంవత్సర మన్నది అక్కడ నాటుకొన్నది.

చిత్రకళకు ఊరు విడుచుట మనకును క్రొత్త గాదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారిని, కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర 1916లో బొంబాయి చిత్రకళాశాలకు పంపించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండకయే 1925లో గతించిన ఆ మహానుభావుని చిత్రములను మీలో కొందరు ఆ యూరి చిత్రశాలలో చూచియుందురు. చిత్తూరు జిల్లా నందనూరున 1925లో పుట్టిన కృష్ణారెడ్డిగారు శాంతినికేతనమున చదివి, లండనులోని స్లేడ్ కళాశాలకుబోయి, ఆపైని పారిసు చేరి, సిరాల చిక్కదన భేదముచే ఒకే రేకునుండి పలురంగుల నొక్కమారే అచ్చొత్తు విధానమును వృద్ధిచేసిరి. రైతుల నాటనుండి పోయినవారే వీరందరును.

ఇక దరఖాస్తు సంగతి. అందు ముఖ్యము పోర్టుఫోలియో, అనగా చిత్రసంపుటము. పట్టణమున నొక శిక్షకునికి సొమ్మిచ్చి మా పిల్లచేత ఇరువది చిత్రములు వేయించితిమి. సినీనటుల ముఖములు, నెమలి, వేంకటేశ్వరస్వామి, ఛాయాచిత్రములకు నకళ్లు. వెండ్రుక వెండ్రుకయు కానవచ్చుచున్నవని నేను మెచ్చుకొంటిని. పిల్ల మాత్రము కళాశాలవారి సూచనలను ముమ్మారు చదివి వానినన్నిటిని ప్రక్కకు బెట్టినది. వారడుగునది నున్నని చిత్రము గాదట. కంటితో చూచి వేసినవి, ఒక తలపు ఎట్లు మొదలై ఎట్లు మారినదో చూపు చిత్తుపుస్తకములు, తప్పులు, ప్రయోగములు.

ఆ వేసవిలో మా ఇంటివారు వసారాలో కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండగా, ఆ చేతులనే పిల్ల నలువది కాగితములపై వేసినది. కాలువ బంకమట్టి, కాటుక, పసుపు రంగులుగా వాడినది. కొబ్బరిపీచు అంటించినది. ఒక కాగితము వానచినుకులకు తడిసి చేతులన్నియు కలసిపోయి, ఏడెనిమిది వ్రేళ్లగుంపుగా కనబడుచుండెను. "అమ్మా, దీనిని చింపివేయుము, చూచువారు నవ్వుదురు" అంటిని. "ఉండనిమ్ము తాతయ్యా" అన్నది. అంతటితో ఊరుకొనక, తన్నుగూర్చి వ్రాసికొను వ్యాసమును గూడ నేనే వ్రాసి యిచ్చితిని. కళాసరస్వతి పాదసేవతో ఆరంభమై మూడు పుటలు నడచినది. పిల్ల దానిని మర్యాదగా మడిచి దాచి, చింతపండును గూర్చి తానే యొక పుట వ్రాసికొన్నది.

దూరదర్శనమువలె ముఖములు కనబడు ఫోనులో పరీక్ష జరిగినది. నేను ప్రక్కగదిలో చెవియొగ్గి యుంటిని. అధ్యాపకురాలు చిత్రములన్నియు దాటి ఆ తడిసిన కాగితమువద్దనే ఆగి, ఇది యేమని యడిగినది. అమ్మమ్మ చేయి ఒకచోట నిలువదని, నిలువని దానిని నిలిపి వేయుట అబద్ధమనిపించి కదలిక కదలికకు మరల వేసితినని, వాన తరువాత వచ్చి మిగిలినపని చేసినదని పిల్ల చెప్పినది. ఆ కాగితముమీదనే పావుగంట మాటలాడిరి. నేను ముప్పదియేండ్లు పిల్లలకు తప్పులు దిద్దినవాడను. ఆ పావుగంటయు గదిలో తలవంచుకొని కూర్చుంటిని.

సీటు వచ్చినది. అసలు ప్రయాస అప్పుడు మొదలు. అక్కడి పిల్లలలో పందొమ్మిదేండ్ల లోపువారికి ఈ చదువునకు చాలచోట్ల రుసుము లేదు; పరదేశి విద్యార్థికి రుసుము భారము. దానికితోడు తిండికి, బసకు సొమ్మున్నదని చూపవలెను: 2025 జనవరినాటి నిబంధన ప్రకారము లండనులోనైన నెలకు 1,483 పౌనులు, తొమ్మిది నెలలకు 13,347 పౌనులు. ఆ మొత్తము పిమ్మట పెరిగినది. ఆరోగ్యపు పన్ను 2024 ఫిబ్రవరినుండి విద్యార్థికి సాలుకు 776 పౌనులు. క్షయరోగము లేదన్న పత్రము కావలెను. ఇంగ్లీషు పరీక్ష పట్టపు చదువులకు వ్రాయునది చాలదు; వారి ప్రభుత్వ మంగీకరించిన ప్రత్యేకపు కూర్పునే వ్రాయవలెను. అక్కడ పనిచేసి సంపాదించుకొనునను నాశయు వలదు. పట్టమునకు లోబడిన చదువున తరగతులు నడచు దినములలో వారమునకు 10 గంటలకు మించి పని చేయరాదు.

పొలమమ్మిన సొమ్ము నా ఖాతాలో వేసికొని నిశ్చింతగా నుంటిని. అది చెల్లదట! సొమ్ము విద్యార్థిపేరనో తలిదండ్రులపేరనో యుండవలెను. పొలము, బంగారము, ఇల్లువలెనే తాత సొమ్మును వారి లెక్కకు రాదు. మా తాతలనాటి భూమి సొమ్మును అల్లుడుగారి ఖాతాలో వేయవలసివచ్చినది. మా పెద్దకుమారుడు రెండునాళ్లు అన్నము సరిగా తినలేదు. అల్లుడుగారు తండ్రియని చూపుటకు జననపత్రము తీయగా అందు ఆడశిశువని యున్నదేగాని పేరు లేదు. నామకరణము చేసి, పోయి వ్రాయింపని తప్పు మాదే. అది దిద్దించునప్పటికి నెల గడచినది.

ఆ సొమ్ము 28 దినములు ఎడతెగక ఉండవలెను. ఒక్కనాడైనను ఒక్క పౌనైనను తగ్గరాదు. సరిగ్గా లెక్కకట్టి, చిల్లర మిగులకుండ వేసితిమి. అదియే మా తెలివితక్కువ. పందొమ్మిదవనాడు అల్లుడుగారి ట్రాక్టరు అప్పు వాయిదాను బ్యాంకు తనంతట తాను కోసికొన్నది. "మామయ్యగారూ, నాకు తోచనేలేదు" అని యాయన గుమ్మములో నిలువబడినాడు. ఆయన నేమనగలను? పత్రములన్నియు చదివిన పండితుడను నేనే గదా! లోటు పూరించి మొదటినాటినుండి మరల లెక్కపెట్టితిమి. ప్రతి యుదయము పిల్ల గోడమీద ఒక గీత గీయుచు వచ్చెను. మీలో నెవరైన ఇట్టిది తలపెట్టిన, కోరినదానికి పైని కొంత ఎక్కువ వేయుడు. పౌను ధరయు నిలుకడగా నుండునది గాదు. ఆ ఖాతాకు ముడిపడిన వాయిదాలను ముందే విప్పుకొనుడు.

అనుమతి ఆగష్టు చివర వచ్చినది. పిల్ల సెప్టెంబరులో వెడలినది. మొదటి మాసమున కుర్చీని కాక, కుర్చీ చుట్టునుండు ఖాళీని వేయుమనిరని ఫోనులో చెప్పినది. మా ఇంటివారు ఇదేమి చదువనిరి. నేనేమియు ననలేదు.

పట్టపు చదువునకు మరల దరఖాస్తు పెట్టవలెను, గడువు జనవరిలో. దానికి మరల రుసుము, మరల అనుమతి, మరల 28 దినములు. రెండవ యెకరము మాట ఇంట ఇంకను ఎవ్వరును ఎత్తలేదు. గోడమీది గీతలకు మాత్రము మొన్న సంక్రాంతి సున్నము వేయునప్పుడు, ఆ మేరకు వదలివేయుమని మా పెద్దకుమారుడే పనివానికి చెప్పినాడు.