సంచారకవులు: సాదీ, వేమన



కవిజీవితములు వ్రాయువారికి తేదీలు కావలయును. బాటపట్టిన కవులు వానిని మిగిల్చి పోరు.

పారసీకదేశమున షీరాజు పట్టణమువాడైన సాదీ పదుమూడవ శతాబ్దికి చెందినవాడు. బాగ్దాదులోని నిజామియా విద్యాలయమున చదివి, అరబ్బు దేశములు తిరిగి, స్వపురము చేరెను. 1257లో బూస్తానును, 1258లో గులిస్తానును రచించెను. ఆ 1258లోనే మంగోలులు బాగ్దాదును ధ్వంసము చేసిరి. సోమనాథమును దర్శించితినని ఆయన చెప్పుకొన్న కథను పలువురు పండితులు నమ్మరు.

బూస్తానులో ఒక కరవు కథ కలదు. డమస్కసులో వానలు లేక నీళ్ళెండెను. ధనికుడైన మిత్రుడొకడు చిక్కి శల్యమై కనబడగా, కారణమేమని కవి యడిగెను. తనకు లోటు లేదనియు, లేనివారి బాధ చూడలేక చిక్కితిననియు అతడు బదులు చెప్పెను. 1876-78 నాటి ధాత కరవును, 1952లో గంజికేంద్రములను చూచిన సీమకు ఈ కథ వివరింప నక్కరలేదు.

మన వేమన జీవితమును అట్టిదే. కొండవీటి రెడ్లవంశము వాడనియు, బంగారము చేయు విద్య నెరిగినవాడనియు కథలు పెక్కు. ఆయన కాలమును గూర్చి పండితులకు ఏకాభిప్రాయము లేదు. సమాధిగా జనులు కొలుచు స్థలము కదిరి ప్రాంతపు కటారుపల్లెలో నున్నది. పూర్వము అనంతపురము జిల్లాలోని ఆ యూరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. తాటాకులలోను, జనుల నోళ్ళలోను చెదరియున్న పద్యములను సి.పి. బ్రౌను సేకరించి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. ఈ జిల్లావారే యైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో అనంతపురమున ఉపన్యసించి, పుక్కిటికథలను నమ్ముకొనక, పద్యములలోనే వేమనను వెదకిరి.

ఇద్దరికిని భేదము లేకపోలేదు. సాదీ బూస్తానును షీరాజు నేలిన అబూబకరునకు అంకితమిచ్చెను. వేమన తన ఆటవెలదులను ఏ రాజునకును అంకిత మీయలేదు. ఒకరు కొలువున వినిపించినది, మరియొకరు రచ్చబండకడ వినిపించిరి. కలవాడు లేనివాని ఆకలిని తన ఆకలిగా ఎంచవలయునను మాట మాత్రము ఇద్దరిదియు నొక్కటే.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున బాలురు వేమన పద్యమును పరీక్షకొఱకే వల్లించి విడువరాదు. పెద్దలు ప్రక్కన కూర్చుండి, ఆ పద్యము ఎవరి కడుపుమంటను చూచి పుట్టెనో తెలుపవలయును. వాన తప్పిన యేట, గాదెలో గింజలున్నవాడు తలుపు తీయునో మూయునో, దానినిబట్టి ఆ చదువు ఫలము ఊరికి తెలియగలదు.