సముద్రతీరపు మేడలు – చెత్తను గూర్చిన గృహధర్మము



చెన్నపట్టణమున బీసెంటు నగరము, తిరువాన్మియూరు, నీలాంగరై మొదలగు తీరప్రాంతములలో పలు అంతస్తుల మేడలు వరుసగా వెలసియున్నవి. ఉద్యోగరీత్యా దేశమంతయు తిరిగిన కేంద్ర ప్రభుత్వోద్యోగులు కొందరు, పదవీ విరమణానంతరము ఇట్టి మేడలో ఒక వాటాను కొని స్థిరపడుట కద్దు. సముద్రపు గాలి, ఉదయపు నడక, సాయంకాలము ఇసుకలో మనుమల ఆటలు – ఇంతకంటె కావలసిన దేమున్నదని వారి తలంపు. ఆ తలంపులో దోషము లేదు. కాని ఈశాన్య ఋతుపవనపు వానలు వెలిసిన మరునాడు తీరమునకు పోయినవారికి కానవచ్చు దృశ్యము వేరు. పాలసంచులు, మందుసీసాలు, తెగిన చెప్పులు, దంతధావనపు బ్రష్షులు అలలవెంట వచ్చి ఒడ్డున పరచుకొని యుండును. 2015 డిసెంబరు వరదల తరువాతను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తరువాతను నగరవాసు లీ దృశ్యమును కన్నులార చూచిరి.

ఆ వస్తువులు ఎచ్చటినుండియో వచ్చినవి కావు. ఇండ్లనుండియే వచ్చినవి. 'పారవేయుట' యను మాటలో ఒక భ్రమ యిమిడియున్నది. గుమ్మము దాటిన వస్తువు లేకుండ పోవునని గృహస్థు నమ్ముచున్నాడు. అది చోటు మారుటయే గాని లేకుండ పోవుట లేదు.

చెన్నై మహానగరమునందు దినమునకు 5,000 టన్నులకు పైబడి చెత్త పోగగుచున్నది. ఉత్తరమున కొడుంగైయూరు, దక్షిణమున పెరుంగుడి అను రెండు మైదానములు దశాబ్దములపాటు దానిని మోసినవి. పెరుంగుడి మైదానము పళ్ళికరణై చిత్తడినేల యంచుననే యున్నది. ఆ నేల దక్షిణపు శివారుల వాననీటిని తనలో నిలుపుకొని, ఒక్కియం మడువు గుండ కోవళము వైపు సముద్రమునకు పంపును. వలసపక్షులకు ఆశ్రయమైన ఆ చిత్తడినేలకు 2022లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించినది. అదే సంవత్సరము ఏప్రిలు నెలలో పెరుంగుడి గుట్టలకు నిప్పంటుకొని దినముల తరబడి పొగ క్రమ్మినది. తీరపు మేడనుండి లారీ యెక్కిన చెత్త ఈ గుట్టకు, గుట్టలోని కుళ్ళునీరు చిత్తడినేలకు, ఆ నీరు మరల సముద్రమునకు చేరుట – ఇదియే ఆ చెత్త చేయు ప్రదక్షిణము.

ఈ అనర్థమునకు మూలము చెత్త యుండుట కాదు, తడిపొడులు కలియుట. అన్నపు మెతుకులు, కూరగాయల తొక్కలు గాలి సోకక గుట్టలో కుళ్ళినప్పుడు మీథేన్ అను మండు వాయువు పుట్టును. మరల వాడదగిన కాగితము ఆ తడికి నాని పనికిరాకుండ పోవును. ప్లాస్టిక్కునకు జిడ్డు పట్టినచో పాతసామాను వర్తకుడు దానిని తాకడు. వేరువేరుగా నున్నప్పుడు ఒకటి ఎరువు, మరియొకటి సరకు. కలిసినప్పుడు రెండును పెంట.

తీరవాసులకు ఇందు మూడు ప్రత్యేక బాధ్యతలు గలవు. మొదటిది, కడలిగాలి. మూత లేని తొట్టిలోని తేలిక సంచి నిమిషములలో ఇసుక చేరును. రెండవది, ఇసుక నేల. ఆ నేలలో మురికినీరు త్వరగా ఇంకును. అదే నేలలోని నీటిని మేడవారు గొట్టపుబావులద్వారా తోడుకొనుచుందురు. మూడవది, అతిథుల గౌరవము. ఏటేట జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు ఈ ఒడ్డునకే వచ్చును. నీటిలో తేలు పలుచని సంచి సముద్రపు తాబేలు కంటికి జెల్లీచేపవలె తోచును. దానిని మ్రింగిన తాబేలు బ్రతుకుట దుర్లభము.

ఈ విషయమున చట్టము నిద్రించలేదు. 1996లో అల్మిత్రా పటేల్ అను మహిళ సర్వోన్నత న్యాయస్థానమును ఆశ్రయించిరి. దాని ఫలితముగా 2000 సంవత్సరమున పురపాలక ఘనవ్యర్థముల నియమావళి వెలువడినది. 2016 నియమావళి తడి, పొడి, హానికర పదార్థములను ఇంటిలోనే వేరుచేయవలెనని నిర్దేశించినది. 5,000 చదరపు మీటరులకు మించిన ప్రాకారబద్ధ గృహసముదాయములు తడిచెత్తను సాధ్యమైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకొనవలెననియు శాసించినది. తమిళనాడు ప్రభుత్వము ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులను 2019 జనవరి 1 నుండి నిషేధించి, 2021 డిసెంబరులో 'మంజప్పై' యను పేర పసుపుపచ్చని గుడ్డసంచిని మరల వాడుకలోనికి తెచ్చుటకు పూనుకొన్నది. పెండ్లిండ్లలో తాంబూలముతో ఇచ్చు ఆ సంచి తెలుగు ఇండ్లకును క్రొత్తది కాదు.

ఇక ఆచరణ. వంటగదిలో తొక్కలకు, మెతుకులకు, కాఫీ పిప్పికి ఒక మూతగల డబ్బా; కాగితము, గాజు, లోహము, ప్లాస్టిక్కులకు ఒక సంచి. రెండవదానిలో వేయునది కడిగి ఆరబెట్టినదై యుండవలెను. పాలసంచి మూలను పూర్తిగా త్రుంచివేయరాదు. ఆ చిన్న ముక్క ఎవరి చేతికిని చిక్కక కాలువ పాలగును. చేతి రుమాళ్ళు, పసిపిల్లల కట్టుడుగుడ్డలు మొదలగు దేహమాలిన్యము సోకినవాటిని కాగితమున చుట్టి గుర్తుపెట్టి వేరుగా నీయవలెను. కాలిన దీపములు, బ్యాటరీలు, కాలము తీరిన మందులు, సూదులు నాలుగవ పెట్టెలో నుండవలెను. విరిగిన గాజును దళసరి కాగితమున చుట్టి దానిమీద వ్రాయవలెను.

ఇంత చెప్పినపిదప తీరపు మేడలలో తరచుగా వినవచ్చు ఆక్షేపణ యొకటి కలదు: "ఇచ్చట వేరుచేసి లాభమేమి? లారీలో అన్నియు కలిపివేయుదురు గదా!" ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. దానికి సమాధానము లారీతో వాదించుట కాదు. తడిచెత్తను గేటు దాటనీయకుండుటయే. గేటు దాటనిదానిని కలుపగలవా రెవ్వరు? అరువది వాటాల మేడలో ఇంటికి దినమునకు అరకిలో తడిచెత్త అనుకొన్నను, ఏడాదికి సుమారు 11 టన్నులగును. అంత భారము పెరుంగుడి త్రోవ పట్టక, ఆవరణలోని కొబ్బరిచెట్ల మొదళ్ళకే చేరును.

అందులకు పెద్ద యంత్రములు అక్కరలేదు. వానపడని నీడలో గాలి సోకునట్టి రెండు ఇటుక తొట్లు చాలును. ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టును. ఒక పొర తడిచెత్త, దానిపై ఒక పొర ఎండుటాకులు లేక కొబ్బరిపొట్టు, ఆరంభమున కొంచెము పుల్లమజ్జిగ. వారమున కొకటి రెండుమారులు తిరుగవేయవలెను. ఒక తొట్టి నిండినపిదప రెండవది. సుమారు రెండు నెలలకు మట్టివాసన గల ఎరువగును. దుర్వాసన వచ్చినచో తడి యెక్కువైనదని గ్రహించి ఎండుటాకులు కలిపినచో చాలును. పొడిచెత్తను అరవవారు 'కాయలాన్ కడ' అని పిలుచు పాతసామాను దుకాణమువారు వెలయిచ్చి కొందురు.

కట్టకడపట, చెత్తను ఎత్తు చేతులను గూర్చి ఒక మాట. చెన్నపట్టణపు పారిశుద్ధ్య కార్మికులలో తరతరములుగా ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము గలవు. తెలుగు సమాజములు ఏటేట ఉగాదినాడు కవిసమ్మేళనములు జరుపుచున్నవి, భాషాభిమానమును చాటుచున్నవి. అదే ఉదయమున పై అంతస్తునుండి దిగిన సంచిలోని గాజుపెంకు, క్రింద చేయిపెట్టిన ఒక స్త్రీ వ్రేలిని కోసినచో, ఆమె నోటినుండి వెలువడు "అమ్మా" అను మాటయు తెలుగే కావచ్చును. ఆమె ఏ భాష మాటలాడినను ఆ గాయము ఒక్కటియే. అయినను, తన భాషలో వినబడిన బాధకు చెవి మూసికొనువాని అభిమానము అభిమానమనిపించుకొనదు.

ఇల్లు అలుకగానే పండుగ కాదని పెద్దల మాట. వాటా లోపల అద్దమువలె నున్నంతమాత్రాన గృహధర్మము తీరలేదు. రానున్న ఉగాదికి పచ్చడిలోనికి చెక్కిన మామిడి తొక్క, వేపపూత రాల్చిన రెమ్మ, చెఱకు పిప్పి, సామూహిక భోజనముల అరటియాకులు – ఇవి గేటు దాటక మేడక్రింది తొట్టిలోనికే చేరునట్లు ప్రతి మేడ సంఘమును ఒక తీర్మానము చేసికొనుగాక. మరుసటి వానకాలము నాటికి ఆ ఎరువు చెట్ల మొదట నుండును. సూదికి, గాజుకు వెరవక పని చేసికొనగల ఒక చేయి ఆ గేటువద్ద నుండును.