పైకప్పు కింద పరుగు
(ఛత్రినాకలో జరిగిన సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరు మీద మనం ఈ సాయంత్రం ఇక్కడ కూడామో, ఆ సార్ వృత్తిరీత్యా పీఈటీ. ఈ బస్తీల్లో ఆటస్థలానికి ఎంత కరువో మీకు నేను చెప్పనక్కర్లేదు. సందుల్లో ఆటోల రాకపోకలు మొదలవకముందే, చీకటితోనే పిల్లల్ని లేపి పరిగెత్తించిన మనిషి ఆయన. సాయంత్రాలు ఆటల పేజీ ముందేసుకుని టైములూ దూరాలూ పొడుగాటి నోటుబుక్కుల్లోకి ఎక్కించేవారు. బయటి మైదానంలో నమోదైనవి నీలం ఇంకుతో, ఇండోర్‌లో నమోదైనవి ఎర్ర ఇంకుతో. గాలి తోయనిచోట, గాలి అడ్డుకోనిచోట వచ్చిన టైమే అసలైన టైము అన్నది ఆయన గట్టి నమ్మకం. ఇండోర్ అథ్లెటిక్స్ చరిత్ర మీద నాకు ఆసక్తి పుట్టింది ఆ ఎర్ర ఇంకు పేజీల వల్లనే.

పరుగు పందేల ప్రాచీన చరిత్ర, ఒలింపిక్స్ పుట్టుక ఈ సభకు తెలిసినవే. బయట 400 మీటర్ల ట్రాక్ అయితే లోపల 200 మీటర్లదని, 100 మీటర్ల పందెం లోపల 60 అవుతుందని, జావెలిన్, డిస్కస్, హ్యామర్ లోపల ఉండవని కూడా తెలుసు. కాబట్టి నేరుగా 1863కు వెళ్దాం.

ఆ ఏడాది నవంబర్ 7న లండన్‌లోని ఆష్‌బర్నమ్ హాల్లో నాలుగు పరుగు పందేలు, ఒక ట్రిపుల్ జంప్ జరిగాయి. పైకప్పు కింద పద్ధతి ప్రకారం జరిగిన తొలి పోటీల్లో ఇవి ఒకటి. అయిదేళ్లకు, 1868 నవంబర్ 11న, న్యూయార్క్ అథ్లెటిక్ క్లబ్ ఒక స్కేటింగ్ రింకులో తన మొదటి పోటీలు పెట్టింది. క్లబ్బు స్థాపకుల్లో ఒకరైన విలియం కర్టిస్ ఆ రోజు మేకుల బూట్లు, అంటే స్పైకులు, వేసుకుని పరిగెత్తాడు. అప్పటికి అమెరికా జనానికి అది కొత్త వింత. ఆ తర్వాత సైనిక దళాల ఆయుధాగారాల్లో ఉండే పెద్ద డ్రిల్ హాళ్లు పందేలకు వేదికలయ్యాయి.

నేను ఎక్కువగా పని చేసింది ఆ తర్వాత వచ్చిన చెక్క ట్రాకుల కాలం మీద. కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అంటే బాక్సింగులు, సర్కసులు, ఐస్ హాకీలు జరిగే హాలు. పందేల రోజుకు ముందు చెక్క పలకలు తెచ్చి, వరసగా పరిచి బిగించేవారు. మర్నాడు ఊడదీసి సర్దేసేవారు. చుట్టు పొడవు 160 గజాలు. అంటే మైలుకు 11 చుట్లు, 22 మలుపులు. అంత ఇరుకు మలుపులో వేగంగా వెళ్లే మనిషి బయటికి విసిరేసినట్టు అవుతాడు. అందుకే మలుపు దగ్గర బయటి అంచును ఎత్తి వాలు కట్టేవారు. ఆ వాలు మీద ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి అన్నది ఒక విద్య. సరిగ్గా దిగినవాడికి దిగుడు వేగం కలిసొస్తుంది, తొందరపడి దిగినవాడు ముందున్నవాడి మడమల మీద పడతాడు. చెక్క మీద స్పైకుల టకటకలు పై వరసల దాకా వినిపించేవి. పైన ప్రేక్షకుల చుట్టల పొగ కమ్ముకుని ఉండేది. ఆ పొగ పీలుస్తూనే పరుగు.

ఆ చెక్కల మీద నడిచిన చరిత్రలో ముగ్గురిని చెబుతాను. మొదటివాడు ఫిన్లండ్ వీరుడు పావో నుర్మి. 1925 జనవరి 6న గార్డెన్‌లో జోయీ రేను ఓడించి మైలును 4 నిమిషాల 13.6 సెకన్లలో ముగించాడు. అదే రాత్రి మళ్లీ దిగి 5000 మీటర్లను 14 నిమిషాల 44.6 సెకన్లలో పరిగెత్తాడు. రెండూ అప్పటికి ఇండోర్‌లో అత్యుత్తమాలు. రెండోవాడు గ్లెన్ కనింగ్‌హామ్. చిన్నప్పుడు బడిలో పొయ్యి పేలి కాళ్లు కాలిపోయిన కాన్సాస్ కుర్రాడు. గార్డెన్‌లో వానమేకర్ మైలును ఆరుసార్లు గెలిచాడు. ఆ పందెం జరిగే మిల్‌రోజ్ క్రీడలు మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? వానమేకర్ అనే పెద్ద బట్టల, సామాన్ల దుకాణంలో పనిచేసే ఉద్యోగులు. 1908లో వాళ్లు పెట్టుకున్న సంఘమది. మూడోవాడు జిమ్ బీటీ. 1962 ఫిబ్రవరి 10న లాస్ ఏంజెలిస్‌లో ఇండోర్ మైలును తొలిసారి నాలుగు నిమిషాల లోపు, 3 నిమిషాల 58.9 సెకన్లలో పరిగెత్తాడు. బయట బానిస్టర్ ఆ గీత దాటిన ఎనిమిదేళ్లకు.

కనింగ్‌హామ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1938 మార్చిలో డార్ట్‌మత్ కళాశాల చెక్క ట్రాక్ మీద ఆయన మైలును 4 నిమిషాల 4.4 సెకన్లలో ముగించాడు. అప్పటి ప్రపంచ రికార్డు ఇంగ్లండ్‌కు చెందిన సిడ్నీ వుడర్సన్‌ది, 4 నిమిషాల 6.4 సెకన్లు. రెండు సెకన్లు మెరుగైనా కనింగ్‌హామ్ పరుగును రికార్డుల పుస్తకంలోకి ఎక్కించలేదు. కారణం, అది లోపల జరిగింది. చెక్క ఎగరేస్తుందన్నారు. ఆ ట్రాక్ మామూలు వాటికంటే పెద్దదనీ, ముందు నుంచి బయల్దేరిన కుర్రాళ్లు ఆయనకు వేగం అందించారనీ అన్నారు. నిజమే. మరి గార్డెన్‌లో 22 మలుపులు తిరిగి నష్టపోయినవాడికి ఆ నష్టాన్ని ఎవరు కలిపి ఇచ్చారు? లాభం ఒక్కటే లెక్కగట్టి నష్టాన్ని వదిలేస్తే అది తీర్పు కాదు.

ఇక్కడే నాకూ, ఈ రంగంలో ఒక వర్గం పరిశోధకులకూ ఎన్నాళ్లుగానో ఉన్న పేచీ సంగతి చెప్పాలి. వారి వాదం: ఇండోర్ అథ్లెటిక్స్ మంచు దేశాల బిడ్డ. బయట మంచు పడితే లోపలికి వచ్చారు, అంతే. కాబట్టి ఎండ దేశాలకు ఈ ఆటతో పని లేదు, మన దగ్గర దీని చరిత్ర వెతకడం వృథా. ఈ వాదం వినడానికి సులువుగా ఉంటుంది. ఆ సులువే దానికి బలం. సాక్ష్యం మాత్రం దానికి లేదు.

మంచే కారణమైతే ఈ ఆట ఫిన్లండ్‌లోనో, నార్వేలోనో, రష్యాలోనో పుట్టి పెరగాలి. అంత చలిదేశంలో పుట్టిన నుర్మి పైకప్పు కింద పేరు తెచ్చుకున్నది న్యూయార్క్‌లో. యూరప్ ఖండమంతా చలికాలం ఉన్నదే, కానీ ఆ ఖండానికి సొంత ఇండోర్ క్రీడలు వచ్చింది 1966లో, డార్ట్‌మండ్‌లో. న్యూయార్క్ రింకు పోటీలు జరిగిన దాదాపు వందేళ్లకు. వందేళ్లపాటు యూరప్‌లో మంచు పడలేదా?

నా వాదం ఇది: ఇండోర్ అథ్లెటిక్స్‌ను పుట్టించింది నగరపు సాయంత్రం. పగలంతా దుకాణంలో, ఆఫీసులో పనిచేసి సాయంత్రం తీరిక దొరికే జనం. వారికి టికెట్టు అమ్మగల హాలు. రాత్రి వెలుతురు. ఈ మూడూ ఒకచోట కలిసిన నగరంలో ఈ ఆట పెరిగింది. దుకాణం ఉద్యోగులే మిల్‌రోజ్ పెట్టుకున్నారన్నది దీనికి నేను చూపే మొదటి సాక్ష్యం. పోటీలు జనవరి నుంచి మార్చి దాకా జరుగుతాయన్నది నిజం. క్యాలెండర్‌ను చలికాలం నిర్ణయించింది, ఒప్పుకుంటాను. కానీ ఆట ఎప్పుడు ఆడతారన్నది ఒక ప్రశ్న, ఎందుకు పుట్టిందన్నది వేరే ప్రశ్న. ఆ వర్గంవారు మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి అతికిస్తున్నారు.

గెలిచినవారిని చూడండి. ప్రపంచ ఇండోర్ 800 మీటర్లలో ఏడు స్వర్ణాలు గెలిచిన మరియా ముతోలాది మొజాంబిక్. 1989 బుడాపెస్ట్‌లో 2.43 మీటర్ల హైజంప్ చేసిన సోటోమయోర్‌ది క్యూబా. 2024లో గ్లాస్గోలో 60 మీటర్ల హర్డిల్స్‌ను 7.65 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన డెవిన్ చార్ల్‌టన్‌ది బహామాస్. వీటిలో మంచు దేశం ఏది? 2010లో ఎడారి నగరం దోహా ప్రపంచ ఇండోర్ పోటీలు జరిపింది. అక్కడ పైకప్పు ఎండకే పనికొచ్చింది. పైకప్పు చలినీ ఆపుతుంది, ఎండనూ వాననూ ఆపుతుంది.

అధ్యక్షుల నుంచి చీటీ వచ్చింది. మిగిలిన దారి త్వరగా నడుస్తాను.

ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ప్రవేశించాక చరిత్రంతా కమిటీలు, నిబంధనలే. 1985లో పారిస్‌లో ప్రపంచ ఇండోర్ క్రీడలు, 1987 మార్చిలో ఇండియానాపోలిస్‌లో మొదటి ప్రపంచ ఇండోర్ చాంపియన్‌షిప్. అదే ఏడాది నుంచి ఇండోర్ ప్రపంచ రికార్డులకు అధికారిక గుర్తింపు. ఆ చాంపియన్‌షిప్ రెండేళ్లకోసారి జరుగుతూ వచ్చి 2004 నుంచి సరిసంఖ్య సంవత్సరాలకు మారింది. మధ్యలో కరోనా వల్ల నాన్‌జింగ్ పోటీ 2020 నుంచి 2025కు వెళ్లింది. లేన్ల అసమానత వల్ల 200 మీటర్లను 2004 తర్వాత తీసేశారు. 2000 నుంచి పైకప్పు ఉన్నా లేకున్నా రికార్డు ఒకటే కావచ్చన్న నిబంధన వచ్చింది. అందుకే 2022లో బెల్‌గ్రేడ్ ప్రపంచ ఇండోర్ పోటీల్లో డుప్లాంటిస్ పోల్‌వాల్ట్‌లో దూకిన 6.20 మీటర్లు నేరుగా ప్రపంచ రికార్డయింది. కనింగ్‌హామ్‌కు దక్కని న్యాయం ఆయనకు దక్కింది.

ఆసియాకు ఇండోర్ చాంపియన్‌షిప్ 2004లో టెహ్రాన్‌లో వచ్చింది. మన హైదరాబాద్ 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007 ప్రపంచ సైనిక క్రీడలు జరిపింది. అవన్నీ ఆకాశం కింద అథ్లెటిక్స్. 2016లో దోహాలో ద్యుతీ చంద్ ఆసియా ఇండోర్ 60 మీటర్లలో 7.28 సెకన్లతో జాతీయ రికార్డు సాధించి, కాంస్యం తెచ్చింది. ఆమెకు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ మన హైదరాబాద్ కోచ్.

ఆయన దగ్గరే హకీంపేటలో కొంతకాలం నేర్చుకున్న విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి. తండ్రి సెక్యూరిటీ గార్డు. తర్వాత గుంటూరు, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ శిక్షణ. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించింది. అనురాధా బిశ్వాల్ 2002 నాటి జాతీయ రికార్డు 13.38 కంటే చాలా మెరుగు. కానీ వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్లు, హద్దు 2.0. పదోవంతు మీటరు గాలి ఆ రికార్డును కొట్టేసింది. మరుసటి నెలలోనే లిమాసోల్‌లో 13.23తో ఆమె దాన్ని న్యాయంగా తీసుకుంది.

లోపల ఆ గాలి తకరారు లేదు. 60 మీటర్లలో అయిదు హర్డిల్స్. గీత నుంచి మొదటిదానికి 13 మీటర్లు, మధ్య 8.5 మీటర్ల చొప్పున నాలుగు ఖాళీలు, చివర మళ్లీ 13 మీటర్లు. ఖాళీకి మూడే అడుగులు. ఒక్క అడుగు గతి తప్పితే సర్దుకోవడానికి చోటు లేదు. గీత దాటగానే ఎదురుగా మెత్త కట్టిన గోడ. 2023 ఫిబ్రవరిలో ఆస్తానాలో జ్యోతి 8.13 సెకన్లతో రజతం గెలిచింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 17న టెహ్రాన్‌లో 8.12తో జపాన్, హాంకాంగ్ అమ్మాయిలను వెనక్కి నెట్టి స్వర్ణం. అది కొత్త జాతీయ రికార్డు కూడా. ఇండోర్ ట్రాక్ లేని తెలుగు నేల మీద పెరిగిన అమ్మాయి ఆసియా ఇండోర్ చాంపియన్ అయింది. అదే ఏడాది పారిస్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయ మహిళ అయింది.

భువనేశ్వర్‌లో ఇప్పుడు ఇండోర్ అథ్లెటిక్స్ స్టేడియం ఉంది. అది మంచు పడే ఊరు కాదు. మన ఊరిలాగే ఏప్రిల్‌లో కాలే ఊరు, వానాకాలంలో తడిసే ఊరు. పైకప్పు మంచుకేనన్నవారికి అంతకంటే జవాబు అక్కర్లేదు.

మన పిల్లలకు సెలవులు వచ్చేది ఎండ మండే నెలల్లో. బడి తెరిచేసరికి వానలు. సాయంత్రం తీరిక ఉన్న నగరం, హాలు నింపగల జనం మనకూ ఉన్నారు. ఈ సభ తరఫున నాది ఒకటే విన్నపం. హైదరాబాద్‌కు 200 మీటర్ల, వాలు మలుపుల ఇండోర్ ట్రాక్ ఒకటి కావాలి. పాతబస్తీ పిల్లలు బస్సెక్కి వెళ్లగలిగే దూరంలో కావాలి. ఇక్కడున్న ఉపాధ్యాయులు, కార్పొరేటర్లు, అథ్లెటిక్స్ సంఘాల పెద్దలు ఈ కోరికను తీర్మానంగా రాసి ప్రభుత్వానికి పంపండి. మొదటి సంతకం నేను పెడతాను.