వద్దనడానికి ఒక గడి

ఈ రోజు సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) పట్టా అందుకుంటున్న మిత్రులారా,

మీలో చాలామంది త్వరలోనే ఏదో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరతారు. డబ్బు కాజేసే సంస్థల గురించి నేను చెప్పక్కర్లేదు, వాటి సంగతి చూడటానికి ఆడిటర్లున్నారు. నా దిగులంతా మంచి సంస్థల గురించే.

2009లో ఖమ్మం జిల్లాలో జరిగింది మీ పాఠాల్లో వచ్చిందో లేదో. పాత్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ గేట్స్ ఫౌండేషన్ నిధులతో, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తోనూ అప్పటి రాష్ట్ర ప్రభుత్వంతోనూ కలిసి, 10 నుంచి 14 ఏళ్ల వయసున్న ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా కార్యక్రమం చేపట్టింది. వాళ్లలో ఎందరో హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. అమ్మానాన్నలు సంతకం చేయాల్సిన అంగీకార పత్రాల మీద చాలాచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవై, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అనుమతి తీసుకున్న తీరును మాత్రం పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. మంచిదే. చిక్కంతా అక్కడే ఉంది. సంతకం పెట్టిన వార్డెన్‌ను దుర్మార్గుడనుకోలేను. పిల్లకు మేలేగా, తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో ఉన్నారు, పైనుంచి ఒత్తిడి ఉంది అనుకుని ఉంటాడు. చేసేది తప్పేమో అనిపిస్తే పదిమందినీ అడిగి చేస్తాం. మంచిపనైతే అడగడమెందుకనిపిస్తుంది.

పైగా మన దగ్గరికొచ్చేవాళ్లు వద్దనలేరు. నచ్చని కొట్టు మానేసి పక్క కొట్టుకు పోవచ్చు. ఉచితంగా ఇచ్చేవాళ్లను కాదంటే రేపు హాస్టల్ సీటు పోతుందేమో, ఇంకేదో ఆగిపోతుందేమోనని భయం. ఆ భయాన్ని మనం ఒప్పుకోలు కింద రిపోర్టులో రాసేస్తాం. దాతలకు టార్గెట్ కనిపిస్తుంది, భయం కనపడదు.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతమెంతో అడగండి. ‘ఇది సేవ కదమ్మా’ అంటే ఇంటద్దె గుర్తుచేయండి. ఆ తర్వాత, పోయిన ప్రాజెక్టులో ఎంతమంది వద్దన్నారో, వాళ్లకు తర్వాత ఏం జరిగిందో అడగండి. ‘ఎవరూ వద్దనలేదండీ’ అని గర్వంగా చెబితే జాగ్రత్తపడండి.

అయినా చేరక తప్పకపోవచ్చు. ఇంట్లో అప్పులుంటాయి, తెలుసు. చేరితే మొదటి వారంలోనే ఆ సంస్థ వాడే అంగీకార పత్రం తెప్పించుకుని చూడండి. ‘వద్దు’ అని టిక్ పెట్టే గడి లేకపోతే, అది పెట్టించాకే ఫీల్డుకు బయల్దేరండి.