ఇంజను హెడ్డును, దాని క్రింది గాస్కెట్టును
(రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



వరి పొట్టకు వచ్చిన వేళ బావిమీది ఇంజను నాలుగు దినములు నిలిచిపోయినచో కలుగు నష్టము రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంజను అట్లు నిలిచిపోవుటకు గల కారణములలో హెడ్ గాస్కెట్టు కాలిపోవుట యొకటి. గాస్కెట్టు స్వల్ప మూల్యమునకు దొరకు వస్తువే. కాని కాలిన దానిని తీసివేసి, అంగడిలో దొరకిన మఱియొక దానిని పెట్టి బిగించినంత మాత్రమున పని ముగియదు. గాస్కెట్టు కాలుట రోగము కాదు, రోగలక్షణము. కారణమును కనుగొననిచో క్రొత్తదియు కొలదికాలములోనే కాలును. ఒక్కొక్కప్పుడు హెడ్డు సహితము చెడిపోవును.

సిలిండరుపై మూతవలె బిగింపబడిన భాగము హెడ్డు. దానికిని క్రింది బ్లాకునకును నడుమ నుండు పలుచని రేకు గాస్కెట్టు. సిలిండరులోని మంటయొక్క ఒత్తిడి, చల్లబఱచు నీరు, కందెన నూనె, ఈ మూడును ఒకదానితో నొకటి కలియకుండ అది కాపాడవలయును. రేడియేటరులో బుడగలు లేచుట, నూనె పాలవలె తెల్లబాఱుట, నీరు కారకయే తఱుగుట, పొగ తెల్లగా వచ్చుట అనునవి గాస్కెట్టు చెడినదనుటకు గుర్తులు.

బరువైన పంపు ఇంజనులు పెక్కింటిలో హెడ్డును బ్లాకును పోత ఇనుముతోనే చేయుదురు. తేలిక ఇంజనులలోను, జీపు ఇంజనులు పెక్కింటిలోను అల్యూమినియము హెడ్డు లుండును. అల్యూమినియము ఇనుముకంటె మిక్కిలి తేలిక. వేడిని త్వరగా బయటికి పంపును. కాని దానితో మెలకువగా మెలగవలయును. నూఱు డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి హెచ్చినప్పుడు మీటరు పొడవుగల పోత ఇనుము సుమారు 1.1 మిల్లీమీటరు సాగగా, అల్యూమినియము ఇంచుమించు 2.2 మిల్లీమీటర్లు సాగును. ఇనుప బ్లాకుపై అల్యూమినియము హెడ్డున్నచో, ఇంజను వేడెక్కి చల్లారునప్పుడెల్ల హెడ్డు గాస్కెట్టుపై జరుగుచు దానిని రాయుచుండును. మఱియు నీరు లేక మితిమీఱి కాగినచో అల్యూమినియము హెడ్డు వంగును. కాగిన ఇంజనుపై చన్నీరు పోసినచో బీటలు వాఱవచ్చును.

గాస్కెట్టును ఎన్నుకొనుట యెట్లు?

ముఖ్యముగా మూడు రకములు కలవు. మొదటిది, నడుమ ఉక్కు రేకుండి ఇరువైపుల గ్రాఫైటు లేక నారపదార్థము పొదిగినది. ఇది తలములలోని స్వల్పమైన గఱుకుదనమును ఓర్చుకొనును. రెండవది, పలుచని ఉక్కు రేకులను పొరలు పొరలుగా చేర్చి చేసినది. హెడ్డు జరుగుటను ఇది బాగుగా తట్టుకొనును. కాని రెండు తలములును మిక్కిలి నునుపుగా నుండనిచో నీరు కాఱును. మూడవది, పాతరకపు ఒంటి సిలిండరు ఇంజనులలో వాడు రాగి గాస్కెట్టు. కావున అల్యూమినియము హెడ్డునకు పొరల ఉక్కు గాస్కెట్టు కొనదలచిన రైతు, ముందుగా రెండు తలములను మిషనుపై చదును చేయించవలయును. అది సాధ్యము కానిచోట, తయారుచేసినవారు అనుమతించినయెడల, మొదటి రకమే మేలు.

డీజిలు ఇంజనునందు మందమును గూడ చూడవలయును. గాస్కెట్టు అంచున నున్న గాట్లు లేక రంధ్రములు దాని మందమును తెలుపు గుర్తులు. మందము ఎక్కువైనచో ఒత్తిడి తగ్గి ఇంజను కష్టముగా బయలుదేఱును. తక్కువైనచో పిస్టను హెడ్డునకు తగులవచ్చును. కావున పాత గాస్కెట్టును పాఱవేయక అంగడికి తీసికొనిపోయి, రంధ్రములను, గుర్తులను పోల్చి కొనవలయును.

అమర్చు విధము

1. ఇంజను పూర్తిగా చల్లాఱిన పిదపనే హెడ్డును విప్పవలయును. చివరి బోల్టులనుండి నడిమికి వచ్చుచు, కొంచెము కొంచెముగా వదులు చేయవలయును.

2. తలములను కొయ్య లేక ప్లాస్టిక్ పలకతో గీకవలయును. ఎమరీ చక్రము వాడినచో అల్యూమినియము గుంటలు పడును. కాస్టిక్ సోడా దానిని తినివేయును. పాత గాస్కెట్టులో ఆస్బెస్టాసు ఉండవచ్చును; దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము గావున తడిపి తీయవలయును.

3. తిన్నని ఉక్కు బద్దను నిలువుగను, అడ్డముగను, మూలలకును ఉంచి, ఫీలరు గేజితో పరీక్షింపవలయును. వంపునకు హద్దు సాధారణముగా 0.05 మొదలు 0.10 మిల్లీమీటరు వఱకు నుండును. ఇంజను పుస్తకములోని అంకెయే ప్రమాణము. బీటలకై ఒత్తిడి పరీక్ష చేయించుటయు మంచిది.

4. బ్లాకులోని బోల్టు రంధ్రములనుండి నూనెను నీటిని పూర్తిగా తీసివేయవలయును. లేనిచో బోల్టు బిగిసినట్లు తోచును గాని హెడ్డు బిగియదు. బ్లాకే పగులుటయు కలదు.

5. గాస్కెట్టుపై ‘టాప్’ అని యున్న వైపు పైకుండవలయును. తయారుచేసినవారు చెప్పనిదే జిగురు పూయరాదు.

6. అల్యూమినియము మెత్తనిది గాన బోల్టు తలక్రింద గట్టి ఉక్కు వాషరు ఉండవలయును. నడిమినుండి చివరలకు, మూడు విడతలుగా, టార్కు రెంచితో బిగింపవలయును. చేతి అంచనా పనికిరాదు. సాగునట్టి బోల్టులైనచో ప్రతిసారి క్రొత్తవే వేయవలయును.

7. ఉప్పు బావినీటిని రేడియేటరులో పోయరాదు. శుద్ధమైన నీటిలో అల్యూమినియమునకు తగిన కూలెంటు కలిపి పోయవలయును.

పని ముగిసిన తరువాత, ఇంజను మొదట ఏల కాగినదో తెలిసికొనవలయును. రేడియేటరు పూడినదా, నీటి పంపు చెడినదా, బెల్టు వదులయినదా అని చూడక ఇంజనును మరల బావికి చేర్చరాదు. గాస్కెట్టు మార్చిన దినమును, దాని గుర్తును ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో మఱుసటిసారి మేస్త్రికి త్రోవ సుగమమగును. పైరు నీటికై కాచుకొని యున్న దినమున కాక, కోతలు ముగిసి తీరిక యున్న దినములలో ఇంజనును పరీక్షించుకొనుట వివేకవంతుడైన రైతు లక్షణము.