బాణం తగిలిన దుప్పి

వాక్యభాగములు: సామెతలు 7:21-23, 1 రాజులు 22:29-37

విజయవాడలో ఇంట్లో కూర్చున్నవారు, గుడివాడ, అవనిగడ్డ, బందరు వైపు పొలం గట్టుమీదో కొట్లోనో వింటున్నవారు, మీ పని ఆపనక్కర్లేదు. చేతులు పనిమీద ఉంచి చెవి ఇటు ఇవ్వండి, చాలు.

ఈ రోజు ఒక దుప్పిని గురించి చెప్పాలనుకుంటున్నాను. రైఫిలు గుండు తగిలితే దుప్పి ఏం చేస్తుంది, బాణం తగిలితే ఏం చేస్తుంది? పాస్టరుగారికి వేటతో ఏం పని అని నవ్వుకుంటున్నారా? నేను వేటగాణ్ణి కాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింకను చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. ఇది విని ఏ కుర్రవాడూ నాటు తుపాకీ పట్టుకుని నల్లమల దారి పట్టవద్దు.

నాకు ఈ సంగతి మొదట చెప్పింది ఒక చెంచు తాత. 2011 చలికాలంలో దుప్పట్లు పంచడానికి మేము కొందరం దోర్నాల వైపు ఒక గూడేనికి వెళ్లాము. అది మన కృష్ణమ్మ నల్లమల కొండల మధ్యనుంచి దిగి వచ్చే ప్రాంతం. అక్కడ పారిన నీళ్లే ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగి మన కాలువల్లోకి వస్తాయి. చెంచులకు విల్లు చేతికి అలవాటైన పనిముట్టు. వాళ్ల మధ్య తిరిగిన హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు 1943లో వారిమీద ఒక పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. ఈ తాత చిన్నతనంలో, చట్టం రాకముందు, వాళ్ల నాన్న వెంట వేటకు వెళ్లినవాడు. చలిమంట దగ్గర కూర్చుని నాతో అన్నాడు: "తుపాకీ పేలితే అడవంతా లేస్తది సామీ. బాణం తగిలితే పక్కనున్న దుప్పికి కూడా తెలవదు. ఒక్కోసారి తగిలినదానికే తెలవదు."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. తర్వాత పెన్సిల్వేనియాలో ఉంటున్న మా పెద్దమ్మగారి అబ్బాయి ఇండియా వచ్చినప్పుడు అడిగాను. అక్కడ లైసెన్సు తీసుకుంటే దుప్పి వేటకు అనుమతి ఉంది. ముందు విల్లువాళ్ల కాలం వస్తుంది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండుగ దాటాక రైఫిలువాళ్ల కాలం. మా అన్నయ్య రెండూ చేసినవాడు. చెంచు తాత చెప్పినదాన్నే ఆయన లెక్కలతో చెప్పాడు.

రైఫిలు గుండు సెకనుకు దాదాపు 800 మీటర్లు పోతుంది. శబ్దం పోయేది సుమారు 340 మీటర్లే. కాబట్టి వంద మీటర్ల అవతలున్న దుప్పికి పేలుడు వినబడకముందే గుండు దిగిపోతుంది. లోపలికి పోయిన గుండు విచ్చుకుని చుట్టూ ఉన్న కండను ఒక్కసారిగా నెట్టి చింపుతుంది. వెన్నుపూసకు తగిలితే దుప్పి నిలబడ్డచోటే కూలిపోతుంది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే వెనక కాళ్లు గాలిలో తన్ని, తల వంచుకుని పరుగు తీస్తుంది. గుండె చితికిపోయినా పరుగెత్తుతుంది! మెదడులో, కండల్లో అప్పటికే ఉన్న ప్రాణవాయువు పది పదిహేను సెకన్లపాటు దాన్ని నడిపిస్తుంది. యాభై, వంద మీటర్లు పోయి పడిపోతుంది. మంద చెల్లాచెదురవుతుంది. ఏదో జరిగిందని అడవిలో అందరికీ తెలుస్తుంది. తుపాకీ దెబ్బ ఎప్పుడూ తేలికైన చావే అని నేననడం లేదు. నాటు తుపాకీతో కాలు విరిగి తిరిగిన జింకలు కూడా ఉంటాయి. కాని తగిలిందా లేదా అనే అనుమానం అక్కడ తక్కువ.

బాణం సంగతి వేరు. మన విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖను టీవీలో చూసే ఉంటారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె పట్టే కాంపౌండు విల్లు కప్పీలతో పనిచేసేది, 50 మీటర్ల దూరానికి గురి. అంత బలమైన విల్లుతో వదిలినా బాణం అక్కడికి చేరడానికి అర సెకను పైనే పడుతుంది. వెదురు విల్లుకైతే ఇంకా ఎక్కువ. ఇక్కడ శబ్దమే ముందు పోతుంది. నారి టంగుమన్న చప్పుడు విని దుప్పి ఎగరబోతుంది. ఎగరాలంటే ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించాలి. ఆ దించడంలో బాణం వీపు మీదుగా పోవచ్చు, లేదా గురి చూసినచోట కాక మరోచోట దిగవచ్చు.

బాణం గుండులాగా చితగ్గొట్టదు, కోస్తుంది. పదునైన ములికి రక్తనాళాన్ని కోసుకుంటూ పోతుంది, చావు రక్తం కారడంవల్ల వస్తుంది. పేలుడు లేదు, పొగ లేదు. దుప్పి ఒక్క గెంతు గెంతి, కొంచెం దూరం పోయి, ఆగి వెనక్కి చూస్తుంది. ఏ ముల్లో గుచ్చుకుందన్నట్టు నిలబడుతుంది. కొన్నైతే మళ్లీ తల వంచి మేతకు దిగుతాయట. తోక ఆడిస్తుంది, చెవులు తిప్పుతుంది. చూసేవాడు తప్పిపోయిందే అనుకుంటాడు. కాసేపటికి కాళ్లు తడబడతాయి.

అందుకే విల్లువాళ్లకు ఒక నియమం ఉంది. బాణం వదలగానే వెంటపడరు. కూర్చుంటారు. నేలమీది రక్తాన్ని చూస్తారు. గులాబిరంగులో నురుగు ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగితే చాలు. నల్లగా చిక్కటి ఎరుపైతే కార్జం, నాలుగైదు గంటలు ఆగాలి. పచ్చగా కంపు కొడితే పేగులు, ఎనిమిది పది గంటలైనా కదలకూడదు. తొందరపడి తరిమితే ఆ దుప్పి మైళ్లకొద్దీ పోతుంది, ఎవరికీ దొరకని చోట పడి చస్తుంది. వదిలేస్తే దగ్గరలోనే ఏ పొద మాటునో పడుకుంటుంది.

ఇప్పుడు సామెతల గ్రంథం ఏడవ అధ్యాయానికి రండి. బుద్ధిలేని యౌవనుడు మాయమాటలకు లోబడి వెళ్తున్నాడు. 23వ వచనంలో అతనికి ఒక అంబు దిగుతుంది. మన తెలుగు బైబిల్లో అది గుండెకు దిగినట్టుంది. నేను సెమినరీలో హెబ్రీ నేర్చుకునేటప్పుడు ఇక్కడ ఆగిపోయాను. అక్కడున్న మాట కాబేద్, అంటే కాలేజము. లేవీయకాండములో బలుల దగ్గర మీరు చదివే కాలేజమే, మన ఇళ్లల్లో కార్జం అంటాము. దానికి ముందున్న 22వ వచనం చివర హెబ్రీలో అర్థం తేల్చడం కష్టం. యూదులు క్రీస్తుకు పూర్వమే చేసిన గ్రీకు తర్జుమాలో మాత్రం ఇక్కడ ఒక దుప్పి కనిపిస్తుంది, కాలేజములో బాణం తగిలిన దుప్పి!

గుండెకు, కాలేజానికి తేడా ఏమిటి పాస్టరుగారూ అంటారా? వేట తెలిసినవాడికి చాలా తేడా. గుండెకు తగిలితే కథ నిమిషంలోపే ముగుస్తుంది. కార్జానికి తగిలినది గంటలకొద్దీ బ్రతుకుతుంది. నడుస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది. ఆ యౌవనుడు కూడా ప్రాణానికి వచ్చిందని ఎరుగకుండానే వెళ్తున్నాడని గదా వాక్యము చెప్పేది. అతను మర్నాడు పొద్దున లేచాడు, పళ్లు తోముకున్నాడు, పనికి వెళ్లాడు. అతనిలో ఏ మార్పూ ఎవరికీ కనబడలేదు.

ఇక్కడ నాది ఒక తప్పు ఒప్పుకోవాలి. 42వ కీర్తనలో నీళ్లకోసం తపించే దుప్పికి బాణం తగిలిందని నేను చాలా సభల్లో ప్రసంగించాను. కన్నీళ్లు పెట్టించాను కూడా. రక్తం పోయిన జంతువుకు దాహం వేస్తుంది, గాయపడ్డ దుప్పికోసం వేటగాళ్లు నీళ్ల దగ్గర వెదకడం కూడా నిజమే. కాని ఆ కీర్తనలో బాణం లేదు. లేనిదాన్ని నేను పెట్టాను.

బాణం నిజంగా ఉన్నది రాజుల మొదటి గ్రంథము 22లో. అహాబు రాజు రామోత్గిలాదు యుద్ధానికి వేషం మార్చుకుని వెళ్లాడు. అవతలి సైన్యంలో ఎవడో ఒకడు, పేరు కూడా లేదు, ఊరికే విల్లు ఎక్కుపెట్టి వదిలాడు. అది వచ్చి రాజు కవచపు అతుకుల సందులో దిగింది. రాజు పడిపోలేదు. రథం తోలేవాడితో, గాయమైంది, పక్కకు తిప్పు అన్నాడు. యుద్ధం ముమ్మరమైంది. సాయంత్రం వరకు రథంలోనే, శత్రువుల ఎదుట, నిలబెట్టి ఉంచారు. దూరంనుంచి చూసినవాడికి రాజు బాగానే ఉన్నాడు. రథం అడుగున మాత్రం రక్తం మడుగు కట్టింది. పొద్దు గూకేవేళకు చనిపోయాడు.

ప్రియులారా, అహాబు పాపాలమీద మీరు చాలా ప్రసంగాలు విని ఉంటారు. నేను ఈమధ్య ఆలోచిస్తున్నది ఆ విలుకాడి గురించి. తన బాణం ఎవరికి తగిలిందో వాడికి తెలియదు. సాయంత్రం డేరాలో కూర్చుని భోంచేసి ఉంటాడు.

ఎందుకు ఆలోచిస్తున్నానంటే, కొన్నేళ్ల క్రితం ఆ విలుకాణ్ణి నేనే. మా సంఘంలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చూసిన ఒక పెద్దాయన ఉండేవారు. క్రిస్మస్ ఖర్చుల దగ్గర కొద్ది తేడా వచ్చింది. కమిటీలో అందరి ముందూ నవ్వుతూ, "బాబాయిగారూ, ఇక కుర్రాళ్లకి ఇచ్చేద్దామా? మీకు అంకెలు కనబడటం లేదేమో" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. వచ్చే ఆదివారం ఎప్పటిలాగే వచ్చారు, కానుకలు లెక్కపెట్టారు, పాటలు పాడారు. "ఆయనేం అనుకోలేదు" అని మా ఇంట్లో చెప్పాను కూడా. అలా ఏడు ఆదివారాలు వచ్చారు. ఎనిమిదో ఆదివారం రాలేదు.

అప్పుడు నేను చేసిన రెండో తప్పు వినండి. ఆ సాయంత్రమే నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని ఆయన ఇంటిమీద పడ్డాను. ఎందుకు రాలేదు, ఏమైంది, ఎవరేమన్నారు అని తలా ఒక ప్రశ్న. కాఫీ ఇచ్చారు. "ఏం లేదండీ, ఒంట్లో నలతగా ఉంది" అన్నారు. ఆ వారంలోనే ఇల్లు తాళం పెట్టి గుడివాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వేటగాడు ఆగేది దయతో కాదు, నాకు తెలుసు. నేను మాత్రం దయ అనుకుంటూ తరిమాను.

కొన్ని నెలలు ఊరుకున్నాను. తర్వాత వాళ్లమ్మాయి ఫోన్లో చెప్పింది. ఆయన పాత లెక్కల పుస్తకాలన్నీ మూటకట్టి వెంట తెచ్చుకున్నారట. రోజూ రాత్రి భోజనం అయ్యాక ముందేసుకుని, మొదటి ఏడాదినుంచి కూడుకుంటూ వస్తున్నారట. "ఒక్క తప్పూ దొరకలేదు అయ్యగారూ, అయినా ఆపడం లేదు" అంది.

ఈసారి ఒక్కణ్ణే బస్సెక్కి వెళ్లాను. అరుగుమీద ఆయన పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపటికి నేనే అన్నాను, "బాబాయిగారూ, ఆ రోజు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించండి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరు కావాలని అనలేదని నాకు తెలుసు అయ్యగారూ. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను" అన్నారు.

ఆయన తిరిగి మా సంఘానికి వచ్చారా అని అడుగుతారేమో. రాలేదు. అక్కడే దగ్గర్లో ఒక మందిరానికి వెళ్తున్నారు. నెలకోసారి నేను వెళ్లి కాసేపు కూర్చుని వస్తున్నాను. పుస్తకాల మూట ఇప్పుడు మంచంకింద ఉంది. పోయినసారి వెళ్లినప్పుడు విప్పలేదు.

తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాం.