గుహ యెవ్వరిది?
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రాబోవు సెలవులలో మన సంఘమువారు యువజనులను బెలుం గుహలకు తీసికొనిపోవ నిశ్చయించి, బయలుదేరుటకు ముందు ఆ గుహలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. మేము భూగర్భశాస్త్రము చదివినవారము కాము, తక్కెడ పట్టినవారము. కావున రాతిని గూర్చి కొంతయే చెప్పి, నేలలోని బిలమును నలుగురు టిక్కెట్టు కొని చూచు స్థలముగా చేసినదెవరు, దానికి కాపలా యెవరు, దానిపై హక్కెవరిది యను సంగతులను విరివిగా చెప్పెదము. ఇతర దేశములలో ఈ పనిని కుటుంబములు తరతరములుగా చేయుచున్నవి. మన దేశమున ప్రభుత్వము చేయుచున్నది. రెండింటిలోను లాభము కలదు, నష్టము కలదు.

ముందు మన జిల్లా సంగతి. పూండి జలాశయమునకు సమీపమునగల అల్లికుళి కొండలలో గుడియం గుహలున్నవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1863 మే నెలలో పల్లావరమునను, సెప్టెంబరులో మన కుశస్థలి నదీ ప్రాంతమందలి అత్తిరంపాక్కమునను ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొనెను. అత్తిరంపాక్కపు పనిముట్లు సుమారు పదునైదు లక్షల సంవత్సరముల నాటివని 2011లో ప్రకటించిన పరిశోధన తేల్చినది. ఆ మనుష్యుల జాడలున్న కొండగుహలే గుడియం గుహలు. 1960 దాటిన తొలి సంవత్సరములలో పురావస్తు శాఖవారు అచట త్రవ్వకములు జరిపిరి. నేటికిని కారు గుహవరకు పోదు. అడవిలో చాలదూరము నడువవలెను, దారి తెలిసిన స్థానికుడు వెంటలేనిచో త్రోవ తప్పుట సులభము. మన ఊళ్లలో తిరుపతికి నూరుసార్లు పోయివచ్చినవారు గలరు. గుడియం చూచినవారెందరు? చేతులెత్తుమని అడుగము.

ఆ ఫుట్టుదొరయే 1884లో బెలుం గుహలను గూర్చి లోకమునకు తెలియజేసెను. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో ఆయనయు, ఆయన కుమారుడును త్రవ్వకములు జరిపిన కాలము కూడ అదియే. తండ్రి మొదలుపెట్టిన పనిని కుమారుడు చేపట్టుట గమనింపదగినది.

బెలుం గ్రామము కొలిమిగుండ్ల మండలములోనిది. 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లా, తరువాత నంద్యాల జిల్లా. బిలము అను మాటయే బెలుం అయినదని పెద్దలు చెప్పుదురు. కొండలోని గుహయని తలచి పోయినవారు అచట చకితులగుదురు, ఏలయనగా కొండయే లేదు. చదునైన పొలములు, వాని నడుమ బావులవంటి గోతులు. ఆ గోతిలోనికి మెట్లు దిగినచో క్రింద నల్ల సున్నపురాతిలో నీరు తొలిచిన దారులు. వాననీరు మంటిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పులుపెక్కును. ఆ నీరు రాతి పగుళ్లలో దిగి సున్నమును కరగించును. పగులు సందగును, సందు సొరంగమగును. కొన్ని యుగములకు నీరు ఇంకను లోతునకు దిగిపోయి, పై సొరంగము వట్టిపోవును. మన మిప్పుడు నడచునది ఒకప్పుడు ఏరు నడచిన దారి.

అట్టి గుహ చాలకాలము ఊరివారి చెత్తకుండియై యుండెనన్న వినువారికి బాధ కలుగును, గాని ఆశ్చర్యపడ నక్కరలేదు. చేనిలో గోయి యున్న రైతు ఏమి చేయును? గొడ్డు పడకుండ కంపవేయును, లేదా చెత్తతో పూడ్చును. 1982 మొదలు 1984 వరకు గెబావరు అను జర్మను గుహాన్వేషకుని బృందము లోపల ప్రాకి, కొలిచి, పటము గీచెను. ఊరివారు కొందరు వెంటనుండి సాయపడిరి. కొలత 3,229 మీటర్లు. మైదాన ప్రదేశములోని గుహలలో మన దేశమున ఇంత పొడవైనది వేరొకటి లేదందురు. 1988లో ప్రభుత్వము దీనిని రక్షిత స్థలముగా ప్రకటించినది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ పనికి పూనుకొని, బురద తీయించి, దారి వేయించి, గాలి గొట్టములు దింపి, దీపములు పెట్టించి, 2002 ఫిబ్రవరిలో ప్రజలకు తెరచినది. చూడ ననుమతించునది సుమారు కిలోమీటరున్నర దారి. సింహద్వారము, కోటిలింగములు, ఊడలమఱ్ఱి, వేయిపడగలు, సప్తస్వరముల గుహ, అన్నిటికన్న లోతున పాతాళగంగ. పాతాళగంగ వద్ద మన తలపై నూరడుగులకు మించిన రాయి యుండును.

ఇప్పుడు మేము చెప్పదలచిన సంగతికి వచ్చెదము. గుహ నోరు ఒకరి చేనిలో నుండును. దాని పొట్ట పొరుగువాని చేని క్రిందికి పోవును. అట్టి గుహ యెవ్వరిది?

ఈ ప్రశ్న అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున న్యాయస్థానమున కెక్కినది. ఎడ్వర్డ్స్ అను నాతడు తన భూమిలో ఒక గుహ నోరు కనుగొని, గ్రేట్ ఆనిక్స్ అని పేరు పెట్టి, దారి వేసి, దగ్గర హోటలు కట్టి, ప్రకటనలు చేసి వ్యాపారము వృద్ధిచేసెను. పొరుగు భూస్వామియైన లీ అనునాతడు “గుహలో కొంత నా భూమి క్రింద నున్నది, నా పాలు నాకీయుము” అని దావా వేసెను. గుహలోనికి దిగి కొలువవలెనన్న క్రింది న్యాయస్థానపు ఆజ్ఞను 1929లో పై న్యాయస్థానము స్థిరపరచినది. కొలువగా సుమారు మూడవవంతు లీ భూమి క్రిందనే యున్నది. 1936లో తీర్పు వచ్చునప్పటికి లీ మరణించియుండెను. ఆ పాళ్లలో లాభము ఆయన వారసులకు చెందునని తేల్చిరి.

1929 నాటి తీర్పుతో ఏకీభవింపని న్యాయమూర్తి యొకరుండిరి. నోరు కనుగొని, కష్టపడి, సొమ్ము వెచ్చించి, చీకటి బిలమును చూడదగిన స్థలముగా చేసినవానిదే గుహ, పైన భూమియుండి క్రిందికి దిగుటకు దారియే లేనివానికి అందు హక్కేమి, అని ఆయన వాదము. చట్టమెట్లున్నను మేము ఆ న్యాయమూర్తి పక్షము. అంగడి పెట్టినవానికి తెలియును, స్థలము విలువ వేరు, స్థలమునకు తెచ్చిన విలువ వేరు. అయితే ఎడ్వర్డ్స్‌గారికి ఒక మాట చెప్పియుందుము: పొరుగువానిని మొదటనే పొత్తులో చేర్చుకొని యుండిన వకీళ్ల ఖర్చు మిగిలియుండును. చివరకు 1961లో ఆ గుహను ప్రభుత్వమే కొని జాతీయవనములో కలిపినది.

మన తిరుత్తణి ప్రాంతమువారికి ఈ గెట్టు కథ క్రొత్తది కాదు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారితిమి. భూమిపై గీత మారినది. ఇంటిలోని మాట మారలేదు, పెండ్లి సంబంధములు మారలేదు. అటువారు ఇటు, ఇటువారు అటు నేటికిని పోవుచు వచ్చుచునే యున్నారు.

తగవులేని కథ యొకటి వినుడు. టెక్సాసు రాష్ట్రమున సాన్ ఆంటోనియో నగరమునకు ఉత్తరమున వ్యూస్ట్ అను కుటుంబమువారి పశువుల మేతభూమి కలదు. అందొక పెద్ద గోతిపై అరువది అడుగుల రాతిపలక వంతెనవలె నిలిచియున్నది. 1960 మార్చి 27న, అనగా మనము రాష్ట్రము మారుటకు అయిదు దినములు ముందు, సెయింట్ మేరీ విశ్వవిద్యాలయపు విద్యార్థులు నలుగురు ఆ గోతిలోనుండి ప్రాకిపోయి మహత్తరమైన గుహను కనుగొనిరి. భూమి యజమానురాలు క్లారా వ్యూస్ట్ హైడమన్ అను నామె. పూడ్చివేయవచ్చును, అమ్మివేయవచ్చును. ఆమె రెండును చేయక, దారులు తొలిపించి 1964 జూలై 3న ప్రజలకు తెరచినది. నాచురల్ బ్రిడ్జి గుహలని పేరు. నేటికిని ఆ కుటుంబమువారే నడుపుచున్నారు. ఆస్టిన్, హ్యూస్టన్ నగరములలో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలకు అది పగటి ప్రయాణములో చూచిరాదగిన చోటు.

బ్రిటనులోని వేల్సు దేశమున దాన్ యర్ ఓగోవ్ గుహలది మరియొక చరిత్ర. 1912లో మోర్గన్ సోదరులు క్రొవ్వొత్తులు పట్టుకొని లోనికి పోయిరి, మరలి వచ్చు దారికై ఇసుకపై బాణపు గుర్తులు గీచుకొనిరి. లోపలి సరస్సులను బుట్టవంటి చిన్న పుట్టిలో దాటిరి. ఒక ఇరుకు సందు అడ్డుపడగా ఆగిపోయిరి. ఆ సందును దాటినది 1963లో ఎయిలీన్ డేవిస్ అను యువతి! గుహ 1939లో ప్రజలకు తెరువబడి, వెంటనే వచ్చిన యుద్ధముచేత మూతపడి, తిరిగి 1964లో గాని తెరచుకొనలేదు. మూసిన అంగడిని అన్ని యేండ్లకు మరల తెరచుట సామాన్యము కాదు. వ్యాపారులకు తెలియును.

ఈ రెండు చోట్లను గుహతో ఆగలేదు. వేల్సులో గుహ చుట్టును రాకాసిబల్లుల బొమ్మలను నిలువెత్తున నిలిపిరి. టెక్సాసులో పిల్లలు దారి వెదకుకొను చిక్కుదారుల తోట, తీగపై జారు ఆటలు, ఇసుక కడిగి రంగురాళ్లు ఏరుకొను కాలువ కల్పించిరి. ఇది చూచి “గుహ గాంభీర్యము చెడినది” అను పండితులున్నారు. మేమట్లనుకొనము. గుహను చూచుటకు గంట చాలును. పిల్లలతో వచ్చిన సంసారికి తక్కిన దినమంతయు గడువవలెను. పైగా గుహను ఒకసారి చూచినవాడు మరుసటి సంవత్సరము రాడు. క్రొత్తది పెట్టినగాని మరల రాడు. తాత గుహను తెరచెను, కొడుకు దీపములు మార్చెను, మనుమడు ఆటలు పెట్టెను. అందుచేతనే మనుమడు తాత భూమిని అమ్ముకొని పట్టణమునకు పోలేదని మా ఊహ.

మనలో అంగళ్లున్నవారు ఇచట కొంచెము ఆగి యోచింపవలెను. “మావాడు కొట్టుమీద కూర్చుండడు” అని ప్రతి యింటను వినుచున్నాము. కూర్చుండుటకు వానికి మనమేమి మిగిల్చితిమి? నాయన నేర్పిన పద్దు, నాయన పెట్టిన బీరువా, నాయన కూర్చున్న చోటు. వానిదని చెప్పుకొనుటకు ఒక్క మూలయైనను విడువలేదు. మదరాసులో వి.జి. పన్నీర్‌దాసుగారు వాయిదాలపై వస్తువులమ్మి పేరుపొంది, సముద్రతీరమున విహారస్థలము పెట్టిరి. ఆ కుటుంబమువారు దానిని పెద్ద వినోదోద్యానముగా పెంచిరి. మన తెలుగువారిలో రామోజీరావుగారు చిట్‌ఫండుతో మొదలుపెట్టి, పత్రిక నడపి, పచ్చళ్లమ్మి, 1996లో హైదరాబాదు చెంత ఫిలింసిటీ కట్టిరి. సినిమా తీయుటకు కట్టినదానిని చూచుటకు జనులు టిక్కెట్టు కొనుచున్నారు! ఆయన 2024 జూన్‌లో మరణించిరి. ఆ స్థలము నడచుచునే యున్నది.

అయినను కుటుంబపు యాజమాన్యమే మేలని తీర్పు చెప్పుటకు మేము సిద్ధముగా లేము. అన్నదమ్ములు బావిని వంతులు వేసికొనుట, మేడను నిలువున చీల్చుకొనుట మన కన్నులార చూచినదే. గుహ ఆ పంపకమునకు నిలుచునా? బెలుంలో పంపకము లేదు, వారసుల తగవు లేదు. కూలివాడు కూడ కుటుంబముతో దిగి చూచుచున్నాడు. బొఱ్ఱా గుహలున్న అనంతగిరి మండలములో గిరిజనుల భూములను గనులకు కౌలుకిచ్చుటపై సమత సంస్థ పోరాడగా, 1997లో సుప్రీముకోర్టు గిరిజనుల పక్షమున తీర్పు చెప్పినది. అట్టిచోట ఏదో యొక కుటుంబము గుహను తనదనుకొనుట న్యాయము కాజాలదు.

ప్రభుత్వ యాజమాన్యమున లోటు మరియొకటి. అధికారి బదిలీయగును. వచ్చినవాడు దీపములు సరిచూచుకొనును గాని, ఏ గోతిలో ఏ ముసలివాడు మొదట దిగెనో వానికి తెలియదు. టెక్సాసులో ఆ ముచ్చట యజమాని యింటి ముచ్చట. బెలుంలో అది ఊరి వృద్ధుల నోట నున్నది. కావున మన యువకులు గుహ చూచి బస్సెక్కుట గాక, బయట ఊరివారితో గంటసేపు కూర్చుండి, దీపములు లేని కాలమున ఆ గోతులను గూర్చి ఏమి చెప్పుకొనెడివారో అడిగి వ్రాసికొని రావలెను. అక్కడివారు మాటాడునది మన తెలుగే. యాసకు నవ్వకుడు, మన యాసకు వారును నవ్వగలరు. తెచ్చినదానిని ఈ పత్రికలోనే అచ్చువేయుదము. తరువాత గుడియంకు పోయి, ఆ చుట్టుపట్ల ఊళ్లలోని మన తెలుగు ముసలివారిని అదే అడుగుదము. ఆ పని బెలుంకన్న త్వరపడవలసినది, ఏలయనగా చెప్పగలవారు ఏటేట తగ్గుచున్నారు.

ఇక ప్రయాణపు సంగతులు. తిరుపతి, కడప, జమ్మలమడుగు మీదుగా పోవుదము. రాత్రి బయలుదేరి ఉదయమున చేరునట్లు బస్సు మాటాడియున్నది. వచ్చునప్పుడు గండికోట చూచెదము. గుహలో ఉక్క మిక్కిలి యగును, కావున నూలు బట్టలు కట్టుకొనుడు. నేల తడిగానుండును, జారని చెప్పులు వేసికొనుడు. ఉబ్బసమున్నవారు, గుండెజబ్బువారు పాతాళగంగవరకు దిగక పైననే యుండుట మంచిది. గోడలపై పేర్లు చెక్కువారిని మరల మన బస్సులో ఎక్కించుకొనము. పేర్లీయదలచినవారు వచ్చు ఆదివారములోగా కార్యదర్శిగారికి ఈయవలెను.